మరక కనపడని రాయి

పీర్జాదిగూడలో ఫ్లాట్ కొన్న మా ఆఫీసు మిత్రుడొకడు మొన్న ఆదివారం నా ఫోనుకు ఆరు ఫోటోలు పంపాడు. ఆరూ రాళ్ళవే. పెళ్ళిచూపులకు పంపే ఫోటోల్లాగా ఒక్కో రాయిని దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీశాడు. కింద ఒక ముక్క రాశాడు: "అన్నా, కిచెన్ల ఏది వేస్తే మంచిగుంటది? నీకు ఐడియా ఉందంట గదా. మరకలు గిట్ల కనవడొద్దు." నాకు ఐడియా ఉందన్న పుకారు ఎవరు పుట్టించారో తెలియదు. చావు కబురుకు కూడా నవ్వే బొమ్మ పంపి తిట్లు తిన్న చరిత్ర ఉన్నవాణ్ణి, ఈ ఫోటోలకు మాత్రం వేలు ఆడలేదు. కాసేపాగి "ఏదైనా ఒకే రంగుది, చుక్కలు లేనిది తీసుకో" అని పెట్టాను. "ఎందుకన్నా?" అన్నాడు. ఎందుకో చెప్పాలంటే వాణ్ణి నాచారం దాకా, అదీ ఐదేళ్ళు వెనక్కి తీసుకుపోవాలి. సాయంత్రంలోగా రాయి ఖాయం చేయకపోతే మేస్త్రీ వేరే పనికి పోతాడట, మిత్రుడికి అంత తీరిక లేదు. మీకు ఉందనుకుని చెబుతున్నాను.

నాచారంలో ఫ్యాక్టరీ సైరన్లు వినపడే దూరంలో మా చిన్నమ్మ ఇల్లు. చిన్నమ్మంటే మా అమ్మకు చెల్లెలు. కరీంనగర్ దిక్కు మా ఊరి నుంచి డిగ్రీ చదవడానికని వచ్చి వాళ్ళింట్లో దిగాను. డిగ్రీ అయిపోయింది, నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ లోటు నేను తీర్చానని మా అమ్మ అందరికీ చెప్పుకునేది. లోటే నయమని బాబాయి అనేవాడు. బాబాయి ఒక కంపెనీ స్టాఫ్ బస్సు నడిపేవాడు. తెల్లారకముందే వెళ్ళి, మనుషుల్ని దింపి, ఇంటికొచ్చి పడుకుని, మళ్ళీ సాయంత్రం వాళ్ళను ఎక్కించుకోవడానికి వెళ్ళేవాడు. రోజంతా వెనక నలభైమంది మాట్లాడుతుంటే వింటాడు కాబట్టి ఇంట్లో పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఇల్లు రెండు గదులు, ముందు రేకుల పంచ, కింద షాబాద్ బండలు. వంటగట్టుకు ఎప్పుడో వేసిన కడప బండ. అది మొదట్లో నల్లగా ఉండేదని విన్నాను. నేను చూసేనాటికి నిమ్మకాయ పులుపుకీ సబ్బునీళ్ళకీ బూడిద రంగుకు వచ్చేసింది. ఒక మూల విరిగింది కూడా. బాబాయి ఒక దసరానాడు కొబ్బరికాయ దాని మీదే కొట్టాడట. కాయ పగల్లేదు.

చిన్నమ్మ నాచారంలోనే ఒక మందుల కంపెనీలో పనిచేసేది. ఇంజెక్షన్ సీసాలు చూసే పని. నిజంగా చూడటమే పని. ముందు ఒక పెట్టె, దాంట్లో ట్యూబులైటు, వెనకవైపు సగం నల్ల పలక, సగం తెల్ల పలక. సీసాను మెల్లగా తిప్పి నల్ల పలక ముందు పట్టుకుంటే లోపల తెల్లటి పోగేదైనా ఉంటే కనపడుతుంది. తెల్ల పలక ముందు పట్టుకుంటే నల్ల నలుసు కనపడుతుంది. కనపడితే పక్కన పెట్టాలి, లేకపోతే ముందుకు పంపాలి. పదహారేళ్ళు అదే చేసింది. ఇంటికొచ్చినా ఆ చూపు దిగేది కాదు. బియ్యం చేటలో పోసి, నాతో మాట్లాడుతూనే, మట్టిగడ్డను ఏరి పారేసేది. ఒకసారి నేను సిగరెట్ తాగి, సోంపు నమిలి, చేతులు కడుక్కుని, ధైర్యంగా ఇంట్లో అడుగుపెడితే గడప దగ్గరే ఆపి చొక్కా జేబు మీద బూడిద రవ్వను గోటితో తీసి నా అరచేతిలో పెట్టింది. సీసా పక్కన పెట్టినట్టు నన్ను పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నేను చెప్పే ఏడాదికి ఆమె ఆ పని మానేసింది. "మోకాళ్ళు గుంజుతున్నయ్" అంది. కూర్చుని చేసే పనికి మోకాళ్ళ నొప్పేమిటని మేమెవరమూ అడగలేదు. అసలు సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు ఇప్పుడే చెప్పేస్తాను, చివరిదాకా దాచి గుండె ఝల్లుమనిపించే ఓపిక నాకు లేదు. ఆమెకు చూపు పోతోంది. నీటికాసుల జబ్బు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం కొంచెం కొంచెంగా ఎండిపోతుంది. పోయింది పోయినట్టే, మందులతో మిగిలింది కాపాడుకోవడమే. కంపెనీలో ఏటా చేసే కంటి పరీక్షలో బయటపడింది. చిన్నమ్మ ఆ కాగితాన్ని బీరువాలో చీరల అడుగున పెట్టి, బచ్చలింట్లో తలుపేసుకుని కళ్ళలో చుక్కలు వేసుకుంటూ, మాకు మోకాళ్ళ కథ చెప్పింది. చెబితే పొయ్యి దగ్గరికి పోనివ్వరని ఆమె భయం. ఆ భయం అన్యాయమైనదేమీ కాదు. నాకొకసారి జ్వరం వస్తే బాబాయి నా బైకు తాళంచెవి పదిరోజులు దాచేసిన మనిషి. పదహారేళ్ళు ఇంకొకళ్ళ సీసాలు చూసింది, ఇక తన వంటింట్లో తను నిలబడి నాలుగు రోజులు వండుకోవాలి, చూపు ఉన్నన్నాళ్ళన్నా. ఆమెకు కావలసింది అంతే.

అందుకే పని మానగానే వంటగట్టు సంగతి ఎత్తింది. "ఇగ ఇంట్లనే ఉంట గదా, జర మంచి బండ వేయించుకుంట. రాయి మాత్రం నేనే సూస్తా" అంది. అప్పటికి నేను ఉద్యోగం లేని బైకును. అంటే బైకుకు పని ఉండేది, నాకు ఉండేది కాదు. అలా వరసగా మూడు ఆదివారాలు ఆమెను వెనక కూర్చోబెట్టుకుని, హబ్సిగూడ మీదుగా ఉప్పల్ మెట్రో స్తంభాల కింద దుమ్ము తింటూ, రాళ్ళ దుకాణాలు తిరిగాను. మీరెప్పుడైనా వెళ్ళారో లేదో. పెద్ద ఆవరణ, ఇనుప స్టాండ్లకు ఆనించి నిలబెట్టిన బండలు, బడికి ఆలస్యంగా వచ్చి గోడకు నిలబడ్డ పిల్లల్లా. ఒకడు మగ్గుతో నీళ్ళు కొట్టి "పాలిష్ వెడితే గిట్ల మెరుస్తది మేడం" అంటాడు. నీళ్ళు కొడితే మా కాలనీ రోడ్డు కూడా మెరుస్తుంది.

చిన్నమ్మ నీళ్ళను చూడలేదు. మొదటి దుకాణంలోనే శాంపిల్ ముక్కలు బల్ల మీద పరిపించి, కొంగున కట్టుకొచ్చిన మూడు ముడులు విప్పింది. ఒకదాంట్లో ఆవాలు, ఒకదాంట్లో జీలకర్ర, ఇంకోదాంట్లో ఉప్మారవ్వ. ఒక్కో రాయి మీద మూడూ చిటికెడు చల్లి, ఒకడుగు వెనక్కి వేసి, తల కొంచెం వంచి చూసి, మళ్ళీ దగ్గరికొచ్చి, ఒక్కో గింజను వేలితో అద్ది తీసేది. నల్ల రాయి మీద రవ్వ మెరిసింది. పాలరంగు రాయి మీద ఆవాలు లెక్కపెట్టేలా కనపడ్డాయి. చుక్కల రాయి మీద చల్లినవి చల్లినట్టే మాయమయ్యాయి.

"ఏందక్కా, రాయికి పోపు వెడుతున్నవా?" అన్నాడు దుకాణం అతను.

"ఉప్పు సరిపోయిందో లేదో నాకి సూస్తది గిప్పుడు. మీరు జర పక్కకు జరుగున్రి," అన్నాను నేను.

దుకాణమంతా నవ్వింది. చిన్నమ్మ మాత్రం వంగి చుక్కల రాయిని చూస్తూ, "ఈడ జీలకర్ర ఎన్ని గింజలున్నయ్‌రా?" అని నన్నే అడిగింది. చూశాను. నిజం చెప్పాలంటే నాకూ వెంటనే దొరకలేదు. "నేను బీకాం చిన్నమ్మా, గింత పెద్ద లెక్కలు రావు," అన్నాను.

రెండో ఆదివారానికి ఆమె ఖాయం చేసుకుంది. నిఖార్సయిన నలుపు, చుక్క లేదు, చార లేదు. దాని మీద ఆవాలు కనపడకపోయినా స్టీలు గిన్నె, కత్తి దూరం నుంచే తెలుస్తాయి. పాపం దుకాణం అతను నిజాయితీపరుడు, వారించాడు. "అక్కా, గిది సూడనీకి మస్తుంటది గని, నీళ్ళచుక్క ఎండినా తెల్లగ కనవడతది, పిండి వడ్డా కనవడతది. దినాం తుడుసుకుంటనే ఉండాలె."

"కనవడాలె. కనవడేటట్టే కావాలె నాకు."

"ఇరువై ఏండ్ల సంది రాయి అమ్ముతున్న. మరక కనవడాలె అన్నోళ్ళను ఇయ్యాలనే సూసుడు," అని అతను నా వైపు చూశాడు. ఆ చూపులో, మనిషి బాగానే ఉందా అన్న ప్రశ్న ఉంది. పదహారేళ్ళ కంపెనీ అలవాటు, ఇంట్లో కూడా నలుసులు పట్టుకుంటుంది కాబోలని నేను నవ్వేసుకున్నాను. ఆమె కంపెనీలోని ఆ నల్ల పలకను ఇంటికి తెచ్చుకోవాలని చూస్తోందన్నంత వరకు నేను సరిగ్గానే ఊహించాను. ఎందుకన్నదే పట్టలేదు.

మూడో ఆదివారం బాబాయి కూడా వచ్చాడు, రాయి చూసి ఖాయం చేయడానికి. అదే కొంప ముంచింది. ఆయన నల్ల రాయి దాకా రానే లేదు. మధ్యలో ఒక గోధుమరంగు బండ దగ్గర ఆగిపోయాడు. గోధుమరంగులో నల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు, మళ్ళీ వాటి మీద చుక్కలు. "గిది యాడిదే?" అని అడిగాడు. "కరీంనగర్ దిక్కుదన్నా, టాన్ బ్రౌన్ అంటరు. అమెరికా దాంక పోతది," అన్నాడు అతను. అయిపోయింది. మా ఊరి పక్కన ఒక గుట్ట ఉండేది. బాబాయిదీ ఆ ఊరే. చిన్నప్పుడు ఆ గుట్ట మీద మేకలు కాశాడు. తర్వాత దాన్ని కోసి కోసి పట్టుకుపోయారు. ఇప్పుడక్కడ నీళ్ళు నిలిచిన గొయ్యి ఉంది. "మన గుట్టనే ఇది. గీ ఎర్ర మచ్చ సూడు, నాకెర్క లేదా?" అన్నాడు బాబాయి, అరచేయి బండకు ఆనించి, మేక వీపు నిమిరినట్టు నిమురుతూ. జిల్లాలో అలాంటి గుట్టలు ఎన్ని కోశారో, ఇది ఏ గుట్టదో ఆ దుకాణం అతని తాతకు కూడా తెలియదు. కానీ ఏళ్ళ తర్వాత బాబాయి ఒకేసారి నాలుగు వాక్యాలు మాట్లాడాడు. ఆపడానికి ఎవరికి మనసొస్తుంది? పైగా దుకాణం అతను చివరి మేకు కొట్టాడు: "దీని మీద ఏం వడ్డా కనవడదన్నా. పసుపు, చాయ్, నూనె, ఏదన్న గానీ. వారం దినాలు తుడువకున్నా నడుస్తది."

చిన్నమ్మ "నాకొద్దు" అంది. ఎందుకొద్దని బాబాయి అడిగాడు. "వద్దంటే వద్దు. నల్లదే గావాలె." ఎందుకని ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె నోరు తెరిచింది, మూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రెండు చుక్కలు బల్ల మీది గోధుమరంగు ముక్క మీద పడ్డాయి. పక్కన కోత మిషను కూడా అదే నిమిషంలో ఆగింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. అలాంటి నిశ్శబ్దం కనపడితే సూది పెట్టి పొడవకుండా ఉండటం నాకు అప్పటికి చేతకాదు.

"ఆగు చిన్నమ్మా, తుడువకు," అన్నాను. "ఇంకో రెండు చుక్కలు వడనియ్యి. కన్నీళ్ళ మరక వడతదో లేదో గది గూడ టెస్ట్ జేసినట్టయితది."

ముందు దుకాణం అతను నవ్వాడు. తర్వాత బాబాయి. చివరికి చిన్నమ్మ కూడా, ముక్కు చీదుకుంటూ, "పాడుగాను నీ నోరు" అంటూ నవ్వేసింది. కొంగుతో రాయి తుడిచింది. ఏ మరకా లేదు. మా ఇంట్లో నవ్వితే సంతకం పెట్టినట్టే లెక్క. రాయి ఖాయమైపోయింది. బండ మారిపోకుండా అంచు మీద పేరు రాసుకోమని మార్కర్ చేతికిచ్చారు. ఆమె వెళ్ళి శ్రద్ధగా రాసింది, అప్పటికే ఎవరో పేరు రాసుకున్న పక్క బండ మీద, ఆ పేరు మీదే. "కబ్జా జేస్తున్నవా చిన్నమ్మా? ఉప్పల్ నీళ్ళు వడ్డయ్‌లే నీకు," అన్నాను. అందరం మళ్ళీ నవ్వాం. ఆ రోజు మేం బాగా నవ్వాం.

బండ వచ్చింది. ఇద్దరు మనుషులు రెండురోజులు ఇంటినిండా తెల్ల దుమ్ము లేపి, అంచులు గుండ్రంగా అరగదీసి, అమర్చి వెళ్ళారు. పాలు పొంగించాం. మా బంధువులందరూ వచ్చి దాంట్లో తమ మొహాలు చూసుకుని మెచ్చుకున్నారు. ఆ తర్వాత వంటింట్లో వస్తువులు పోవడం మొదలైంది. మొదట ఆవాలు, జీలకర్ర. తర్వాత చింతపండు ముద్ద. గట్టు మీద పెట్టిన కత్తి గట్టు మీదే పోయేది, చేత్తో తడుముతుంటే వేలికి దొరికేది, రక్తంతో సహా. కప్పు పక్కన పోసిన చాయ్ ఆ రంగులో రంగై కలిసిపోయి, ఆమె మోచేతికి మాత్రమే తెలిసేది. నేను యథాప్రకారం "మన గుట్ట మేకల్ని మింగేది, గిప్పుడు పోపుడబ్బా మింగుతుంది" లాంటివి అంటూనే ఉన్నాను. బాబాయి ఆమెకు పరధ్యానం ఎక్కువైందన్నాడు. ఆరునెలలు అలా గడిచాయి. ఒకరోజు పొద్దున గట్టు అంచు ఎక్కడ అయిపోయిందో తెలియక, పొయ్యి మీంచి దించిన పప్పుగిన్నెను ఆమె జాగ్రత్తగా, రెండు చేతులతో, గాలిలో పెట్టింది.

రెండు పాదాలూ కాలాయి. దవాఖానలో నర్సు కట్టు కడుతూ, మామూలుగా అందరినీ అడిగినట్టే, "ఏమన్న మందులు వాడుతున్నరా అమ్మా?" అని అడిగింది. చిన్నమ్మ ఒకసారి మా ఇద్దరి వైపూ, అంటే మేం ఉన్నామనుకున్న వైపు, చూసి, "కండ్లల్ల చుక్కలు" అంది. నర్సు రాసుకుంది. బాబాయి ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాటిని కింద పెట్టాలన్న సంగతి చాలాసేపటి దాకా ఆయనకు తోచలేదు.

ఇంటికొచ్చాక, బాబాయి పంచలో కూర్చుంటే, నేను ఆమె మంచం పక్కన కింద కూర్చున్నాను. చీరల అడుగున కాగితం ఎక్కడుందో ఆమే చెప్పింది. తీసి చదివాను. కంపెనీ డాక్టరు పేరు, తేదీ, దాని కింద, ఇక ఆ పని ఇవ్వరాదన్న ఒక్క వాక్యం. రాళ్ళ దుకాణానికి వెళ్ళడానికి నాలుగు వారాల ముందు తేదీ.

"ఎందుకు జెప్పలే చిన్నమ్మా?"

"జెప్పుదామనే అనుకున్న. ఆ మూడో ఆదివారం, గాడ దుకాణంల, మీ బాబాయి ఎందుకొద్దు అనంగనే నోటి దాంక వచ్చింది," అంది. కోపం ఏమీ లేదు గొంతులో. ఉంటే బాగుండేది. "నువ్వు నవ్విస్తివి. నవ్వినంక ఎట్ల జెప్తర్రా?"

నేనేదో అనాలి. అనడానికి నాకు ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఈసారి మాత్రం, రాయి తీయించేద్దామన్నాను. రేపే ఉప్పల్ పోయి నల్లది తెస్తానన్నాను.

"ఎందుకురా? ఇగ డాక్టర్ ఏమంటున్నడంటే..." అని మొదలుపెట్టి, ఆ లెక్కను మధ్యలో ఆపేసి, "గప్పుడే నల్లది వేసుకుంటే, ఏడాదో రెండేండ్లో, నా అంతల నేను వండుకునేదాన్ని. గది అయిపాయె. గిప్పుడు నల్లదైనా తెల్లదైనా రాయి రాయే," అంది. ఆ తర్వాత, నేను బాధపడుతున్నానని ఎలా తెలిసిందో, "మీ బాబాయికైతే జెప్పకు, గా గుట్ట రాయితోని గిట్లయిందని. మంచిగ సంబురవడ్డడు ఆ దినం" అంది.

చెప్పకపోయినా ఆయనకు తెలిసింది. బస్సు నడిపేవాడికి అద్దాల్లో వెనకంతా కనపడుతుంది. ఒకరోజు ఏఎస్ రావు నగర్ బజారు నుంచి తెల్ల ప్లాస్టిక్ షీటు చుట్ట తెచ్చి గట్టంతా అంటించాడు. పొయ్యి వేడికి అది ముడుచుకుపోయి, గట్టు మీద గడ్డలు గడ్డలుగా లేచింది. పీకేసి, పెద్ద తెల్ల పింగాణీ పళ్ళెం తెచ్చాడు, కూరగాయలు దాంట్లో కోసుకొమ్మని. చిన్నమ్మ కొన్ని నెలలు ఆ పళ్ళెంతో నెట్టుకొచ్చింది. తర్వాత పళ్ళెం ఎక్కడుందో తడుముకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి వంట బాబాయిదే. బస్సు నడిపినట్టే వండుతాడు, టైముకు చేరుస్తాడు, కుదుపుల బాధ్యత ఆయనది కాదు. చిన్నమ్మ స్టూలు మీద కూర్చుని "ఉల్లిగడ్డ మాడుతుంది, మంట తగ్గియ్యి" అని వాసన పట్టి చెబుతుంది. ఒక్కోసారి మాడదు, ఆమె ముందే అనేస్తుంది. ఆయన తగ్గిస్తాడు.

నాకు ఉద్యోగం వచ్చింది, నాకంటూ గది తీసుకున్నాను, కానీ ఆరునెలలకోసారి ఆమెను కంటి ఆస్పత్రికి తీసుకుపోయేది మాత్రం నేనే. అక్కడ ఒక చీకటి గదిలో గిన్నె లాంటి మిషను ముందు గడ్డం ఆనించి కూర్చోబెడతారు. లోపల అక్కడో ఇక్కడో చిన్న వెలుగు చుక్క మెరుస్తుంది. కనపడ్డప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి, టిక్కుమంటుంది. కనపడకపోయినా ఆమె అప్పుడప్పుడు నొక్కేస్తుంది. "ఉత్తగనె నొక్కకమ్మా" అని లోపలమ్మాయి కసురుకోవడం నాకు వినపడుతుంది. "ఏదో ఒకటి ఉండే ఉంటది గద బిడ్డా" అంటుంది చిన్నమ్మ. నేను తెర ఇవతల బెంచీ మీద కూర్చుంటాను. మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు టిక్కుల మధ్య నాకు ఊపిరి తీసుకునేంత వ్యవధే ఉండేది. పోయిన నెల ఒక టిక్కు తర్వాత నేను చెప్పుల పట్టీ సరిచేసుకుని, గోడ మీద రాసిన పని వేళలన్నీ చదివి, నోటిదాకా వచ్చిన జోకొకటి మింగేశాను, అయినా రెండోది రాలేదు. కాలం పరుగెత్తుతుందని అందరూ అంటుంటారు. తెర ఇవతలి వాళ్ళకు అది ఎక్కడికీ పరుగెత్తదు, ఒక టిక్కు దగ్గర నిలబడి ఇంకో టిక్కు కోసం చెవి ఒగ్గి వింటూ ఉంటుంది.